తెల్లగుండు మీద అరచెయ్యి

పోయిన వారం సూర్యకళని కొండ మొదట్లో, ఇంకా పూర్తిగా తెల్లవారని వేళ, చెప్పులు విప్పి పొదలోకి విసిరేస్తుండగా వదిలేశాం. మనం వదిలేశాం గానీ ఆమె ఆగలేదు. ఆగే మనిషే అయితే ఈ కథ ఇంతదూరం వచ్చేదే కాదు.

ఈ వారమే పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆమె వెనకాల పరిగెడదాం. యారాడకి ఇవతల నల్లరేవు అని జాలర్ల పల్లె. రేవు ముందు, నీళ్ళ కింద, ముసలమ్మ అనే రాయి ఉంది. పోటు మీద కనిపించదు. ఆదమరిచిన పడవని అడుగు నుంచి చీరేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి తాతలు ఒక గుర్తు పెట్టారు. కొండ కొమ్మున సున్నం కొట్టిన పెద్ద బండ, దాని పేరు తెల్లగుండు. ఒడ్డున జంట తాటిచెట్లు. ఆ తెలుపు సరిగ్గా రెండు చెట్ల నడుమ కనిపించేలా పట్టుకుని వస్తే పడవ క్షేమంగా ఇసక తగులుతుంది. దారి చూపించే ఫోన్లు ఎన్ని వచ్చినా, రేవులోకి తిరిగేటప్పుడు మాత్రం పడవ నడిపే నల్లరేవు సరంగులు ఫోను జేబులో పడేసి కొండ వైపే చూస్తారు.

కిందటేడు కార్తీకంలో సూర్యకళ తమ్ముడు రాము పడవ ఆ ముసలమ్మ మీదే బద్దలైంది. పడవలో ఒక్కడే ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళు. సుక్కాని పట్టుకుని నిద్రపోయాడని కులపెద్దలు తేల్చేశారు. జాలరివాడికి ఇంతకంటే అవమానపు చావు లేదు. తల్లి గంగాలమ్మ ఆనాటి నుంచి రేవులోకి అడుగు పెట్టలేదు. నాలుగు రోజుల కిందట, సూర్యకళ మొగుడు సింహాద్రి ఏడాదిగా కడుపులో దాచుకున్న మాట కక్కేశాడు. రాము నిద్రపోలేదు. ఎవరో ముందురోజు సాయంత్రం కొండెక్కి తెల్లగుండుకి బురద పూసి, దాని పక్కనున్న జోడుగుండుకి సున్నం కొట్టారు. ఆ తప్పుడు తెలుపుని నమ్మి వచ్చి రాము చచ్చిపోయాడు. ఆ ఎవరో మరెవరో కాదు, రింగు వలల అర్జునరావు. రింగు వలేసి పిల్లచేపతో సహా సముద్రాన్ని ఊడ్చేస్తున్నావని రాము నలుగురిలో నిలబెట్టి తిట్టింది ఆయన్నే.

ఇవాళ ఆశ్వయుజ పున్నమి. వానలు కడిగేసిన తెల్లగుండుకి ఏడాదికోసారి కొత్త సున్నం కొట్టే రోజు. ఈ ఏటి వంతు అర్జునరావుది.

ఆ పనికి కట్టుబాట్లున్నాయి. వంతు వచ్చిన మగవాడు ఒంటరిగా కొండెక్కాలి. ఎక్కి దిగేదాకా నోరు విప్పకూడదు. సున్నం కుండ నేల మీద దించకూడదు. పని అయ్యాక సున్నంలో అరచెయ్యి ముంచి, గుండుకి కొండ వైపున ఒక ముద్ర వెయ్యాలి. ఈ గుర్తుకి నాదీ పూచీ అని గంగమ్మకి మాట ఇచ్చినట్టు. ఆ వేళ ఇంకో మనిషి కొండ మీద ఉండకూడదు. ఆడది అసలే కూడదు.

ఒంటరి మనిషి. రెండు చేతులూ కుండ మీద. అరవడానికి లేదు. గుండు పక్కనే నలభై నిలువుల లోతు, కింద రాళ్ళు. పగ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు.

రేవులో డప్పు మోగుతోంది. ఆ డప్పు ఆగిందంటే అర్జునరావు కొండ మీద కాలు పెట్టినట్టు. ఆయన వెళ్ళేది జీడితోటల్లోంచి చుట్టూ తిరిగే దారి, గంట పైన పడుతుంది. సూర్యకళ ఎంచుకున్నది ఎద్దుమెడ. పేరుకి దారే గానీ మేకలు కూడా ఆలోచించుకుని ఎక్కుతాయి. అరగంటలో పైకి చేరి, ఊపిరి కూడదీసుకుని, గుండు చాటున నిలబడి ఉండాలి. ఆయన కంటే వెనక పడితే మళ్ళీ ఆయన వంతు వచ్చేదాకా ఆగాలి. అన్నాళ్ళు ఆగడం ఆమె వల్ల కాదు.

చీర కుచ్చెళ్ళు పైకి దోపి ఎక్కడం మొదలుపెట్టింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని యారాడ ఘాటు ఎక్కీ దిగీ రాటుదేలిన కాళ్ళవి. వానాకాలం వెళ్తూ వెళ్తూ కొండంతా నడుము లోతు గడ్డి మొలిపించి పోయింది. గడ్డి నిండా మంచు. రెండు నిమిషాల్లో మోకాళ్ళ దాకా తడిసిపోయింది. గడ్డి అంచులు చేతులు కోస్తున్నాయి. ఆమె అది పట్టించుకోలేదు. దారికి అడ్డంగా పండిన సీతాఫలాలు రాలి పగిలి, తియ్యటి వాసన. రాముకి సీతాఫలం అంటే ప్రాణం. దోసిట్లో పెట్టుకుని, గింజలు సముద్రంలోకి ఎంత దూరం ఉమ్మగలడో పందెం కాసేవాడు. ఆ పళ్ళు తొక్కుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ ఎక్కింది.

నడుముకి కట్టిన కత్తి నడకకి లయగా కొట్టుకుంటోంది. అది రాము కత్తి. వల తెంపుకోవడానికి మొలకి కట్టుకునేవాడు. శవం ఒడ్డుకి వచ్చినప్పుడు కూడా మొలకే ఉంది. ఇవాళ గుమ్మం దాటుతుంటే సింహాద్రి తన చేతులతో ఆమె నడుముకి కట్టాడు.

“ఇది ఉట్టినే దైర్నానికి,” అన్నాడు. “కత్తితో పన్లేదు. ఒక్క తోపు సాలు. కాలు జారిపోనాడనుకుంటారు.”

“నువ్వు రావేటి మావా?”

“నాను రేవులో నలుగురికీ కనబడాల కదా. నాను నేకపోతే అనుమానం నా మీదకే వొత్తాది. నువ్వు బేగి ఎల్లిపో.”

ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది. పగ పట్టిన మనిషికి సబబు చాలా తొందరగా దొరుకుతుంది.

డప్పు ఆగింది.

సూర్యకళ ఒక్క క్షణం నిలబడి కిందికి చూసింది. తీరం మీద మనుషులు చీమల్లా ఉన్నారు. రేవు బయట రాత్రి వేటకి వెళ్ళిన పడవలు ఏడెనిమిది ఆగి ఉన్నాయి. కొండ మీద కొత్త తెలుపు కనపడేదాకా అవి లోపలికి రావు. వాటికి అవతల, పోర్టులో చోటు కోసం లంగరేసుకున్న ఓడలు దీపాలు ఆర్పుకుంటున్నాయి. పడమటన స్టీల్‌ప్లాంటు చిమ్నీల పొగలో పున్నమి చంద్రుడు ఎర్రగా దిగిపోతున్నాడు. ఆశ్వయుజ మాసపు ఆకాశం కడిగిన కంచంలా ఉంది. ఇంత శుభ్రమైన పొద్దున్న ఒక మనిషిని చంపబోతున్నానే అని ఆమెకి అనిపించలేదు. ఇలాంటి పొద్దున్న రాము చూడటం లేదే అనిపించింది. మళ్ళీ ఎక్కింది, ఈసారి ఇంకా వేగంగా.

రాళ్ళు మొదలయ్యాయి. చేతులు కూడా వాడాల్సి వచ్చింది. ఊపిరి గొంతులో గీసుకుపోతోంది. పక్కటెముకల కింద పోటు. ఒకచోట కాలి కింద రాయి కదిలి, జారి, మోచెయ్యి చెక్కుకుపోయింది. అమ్మ గుర్తొచ్చింది. కర్మరోజున కులపెద్ద అందరి ముందూ, “ఏటి సేత్తాం గంగాలమ్మా, నీ కొడుకు కునికిపాట్లు పడి పానం తీసుకున్నాడు,” అంటే, ఆ ముసలామె తలొంచుకుని “అవును బాబూ” అంది. ఆ “అవును బాబూ” సూర్యకళ చెవుల్లో ఏడాదిగా తిరుగుతోంది. అన్నం తింటున్నా అదే, చేపలమ్ముతున్నా అదే. ఆ మాటకి బదులు చెప్పాలి. ఎక్కు, ఎక్కు అని తన కాళ్ళని తానే తిట్టుకుంది.

నాలుగు రోజుల కిందటి సింహాద్రి మాటలు కూడా వరస తప్పకుండా వినిపిస్తున్నాయి.

“నాను కళ్ళారా సూసినాను కళా. ముందురోజు సందేళ. ఎడం సేతికి గుడ్డ సుట్టుకొని, సున్నం కుండ సంకనెట్టుకొని దిగతన్నాడు. నన్ను సూసి మొకం తిప్పీసినాడు.”

“మరి ఏడాది పొద్దు ఎందుకు సెప్పనేదు?”

“బయపడిపోనాను. ఆడికి బలగం ఉన్నాది. మీయమ్మ తట్టుకోనేదు. నీకేటన్నా అయితే నానేటి సేసుకోను?”

ఆ రాత్రి ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఎంత బరువు మోశాడో పాపం అనుకుంది.

చివరి బండ మీదకి పాకి, బోర్లా పడి, కాసేపు మట్టి వాసన పీల్చింది. లేచి చూస్తే ఎదురుగా రెండు గుండ్లు. కింద నుంచి ఎన్ని వేలసార్లు చూసిందో! దగ్గర్నుంచి చూడటం ఇదే మొదలు. తెల్లగుండు మీద పాత సున్నం పెచ్చులు పెచ్చులుగా మిగిలి ఉంది. దాని కొండ వైపు మొహాన, చూరులా వంగిన రాతి కింద, తరతరాల అరచేతులు ఒకదాని మీద ఒకటి. దక్షిణాన ముప్పై అడుగుల దూరంలో జోడుగుండు. అదే ఎత్తు, అదే వాలు. సముద్రంలోంచి చూసేవాడికి రెండూ కవలలే.

జోడుగుండు సముద్రం వైపుకి వెళ్ళి కత్తి మొనతో గీకింది. ఎండి బిగుసుకున్న ఎర్రమట్టి రాలింది. మట్టి కింద తెల్లటి పొర.

సున్నం!

అబద్ధం కాదు. కల కాదు. తమ్ముణ్ణి చంపిన తెలుపు ఆమె గోటికి అంటుకుంది. ఒళ్ళంతా ఒక్కసారి మండిపోయింది. అంతవరకూ ఎక్కడో ఒక మూల చిన్న బెరుకు ఉండేది. పిల్లలున్న మనిషి, చిన్నప్పుడు తను “సిన్నాన్నా” అని పిలిచిన మనిషి అని. ఆ బెరుకు కూడా ఆ మట్టితో పాటే రాలిపోయింది. తెల్లగుండు చాటుకి వెళ్ళి, వీపు రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని కాచుకుంది.

చాలాసేపటికి గడ్డిలో అడుగుల చప్పుడు. అర్జునరావు వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, బనీను చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. కుండ పొట్టకి ఆనించి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇటొస్తాడు, కుండ పైకెత్తుతాడు, అప్పుడు.

కానీ ఆయన ఇటు రాలేదు.

తెల్లగుండు వైపు చూడనైనా చూడకుండా నేరుగా జోడుగుండు దగ్గరికి నడిచాడు. సముద్రం వైపు కూడా కాదు, కొండ వైపుకి. అక్కడ ఏపుగా పెరిగిన గడ్డిలో గొంతుక్కూర్చుని, మోచేత్తో గడ్డి పక్కకి తోసి, రాతి అడుగున దేనికోసమో వెతికాడు. దొరికినట్టుంది. కుండ వంచబోయాడు.

సాక్ష్యం చెరిపేస్తున్నాడు! సూర్యకళ ఉండబట్టలేకపోయింది. వేసుకున్న ఎత్తులన్నీ మరిచిపోయి చాటులోంచి బయటికి వచ్చేసింది.

“అర్జునరావూ!”

ఆయన ఉలిక్కిపడ్డాడు. కుండ చేతిలో ఊగి సున్నం ఒలికింది. కానీ కుండ వదల్లేదు. నోరూ విప్పలేదు. ఆమెనీ, ఆమె చేతిలో కత్తినీ చూశాడు. కత్తి ఎవరిదో పోల్చుకున్నాడు కాబోలు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“కన్నీలెట్టుకోకు. నాకు ఒల్లు మండిపోద్ది,” అంది సూర్యకళ. “ఏటి కప్పెడతన్నావక్కడ? ఏడాది పొద్దు ఏ మొకమెట్టుకొని రేవులో తిరిగినావు? మా గుమ్మం ముందు నుంచే కదా ఎల్లేవోడివి! మాయమ్మ తలొంచుకొని ‘అవును బాబూ’ అన్ననాడు నువ్వు అక్కడే ఉన్నావు. నీ నోట్లో ఏటున్నాది అప్పుడు? అప్పుడేటి ఒట్టెట్టుకోనేదే!”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మాటాడు! మాటాడవేటి? గంగమ్మకిచ్చిన మాట తప్పకూడదేటి? గుర్తు మార్సి మనిసిని సంపీసినోడికి కూడా కట్టుబాట్లుంటాయేటి?”

ఆయన లేచి, జోడుగుండుకీ ఆమెకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. కత్తిని చూసి వెనక్కి తగ్గలేదు. ఆమె చూపు గడ్డి వైపు మళ్ళినప్పుడు మాత్రం ఇంకాస్త అడ్డం జరిగాడు. కుండ చుట్టూ బిగిసిన ఆయన ఎడమ చెయ్యి ఆమెకి కనిపించింది. మణికట్టు నుంచి అరచెయ్యి మీదుగా వంకర టింకరగా పాత గాయం మచ్చలు. సింహాద్రి చెప్పిన చెయ్యి ఇదే. ఇంక రుజువేం కావాలి?

“అడ్డు లెగు,” అని ఆయన్ని భుజంతో తోసి, వంగి, గడ్డి చీల్చింది.

రాతి చూరు కింద, వాన తగలని చోట, ఎండిన సున్నంతో ఒక అరచేతి ముద్ర.

మగవాడి చెయ్యి. నాలుగు వేళ్ళూ తిన్నగా ఉన్నాయి. బొటనవేలు మాత్రం కణుపు దగ్గర విరిగి బయటికి తిరిగి ఉంది.

పద్నాలుగేళ్ళప్పుడు రాము ఇంజను తిప్పబోతే హ్యాండిల్ వెనక్కి తన్నింది. బొటనవేలు విరిగింది. కట్టు సరిగ్గా పడలేదు. రెండు నెలలు వాడికి అన్నం కలిపి పెట్టింది సూర్యకళే. పెళ్ళిలో, బంతిలో కూర్చున్న వందమంది చేతుల్లో కూడా ఆ వేలు పోల్చుకోగలదు.

“ఇదేటి?” అంది. “ఇది మా తమ్ముడి సెయ్యి. మా రాము సెయ్యి ఇక్కడెందుకున్నాది?”

అప్పుడు అర్జునరావు ఒక పని చేశాడు. సున్నం కుండని మెల్లిగా నేల మీద దించాడు. నల్లరేవు పుట్టాక వంతు రోజున ఆ కుండ కొండ మీద దిగడం అదే మొదలు. చేతులు పంచెకి తుడుచుకుని, ఒక్క నిట్టూర్పు విడిచి, నోరు విప్పాడు.

“నువ్వు సూడకూడదనే వొచ్చినానమ్మా. నా వొంతు కాకపోయినా అడిగి మరీ తీసుకున్నాను.”

“ఏటి సూడకూడదు?”

“గుర్తు మార్సింది మీ రామూయే.”

“అబద్దం!” కత్తి మొన ఆయన గొంతు దాకా వెళ్ళింది. ఆయన కదల్లేదు.

“ఇనుకో. ఇన్నాక నీ ఇట్టం. నా రింగు పడవ అడుగు సీరేద్దారని మార్సినాడు. పెద్ద పడవ కదా, బొక్కడితే మునగదు, మనుసులు ఈదుకొచ్చీగలరు, ఈడి పీడ వొదిలిపోద్దని. మాపుకొచ్చి ఈ గుండుకి సున్నం కొట్టినాడు, ఆ గుండుకి బురద పూసినాడు. ఎవులికీ తెలీకండా దొంగపని సేసి కూడా, అరసెయ్యి ఎయ్యకండా దిగనేకపోనాడు సూడు! సున్నం కొట్టినోడు సెయ్యి ఎయ్యాల. మన రగతంలో ఉన్నాదది.”

సూర్యకళ కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

“మర్నాడు తెల్లారగట్ల ఆడు రేవు బయట కాసుక్కూకున్నాడు. కానీ ఆవేల ముందు వొచ్చింది పెద్ద పడవ కాదు. సేపలేసుకొని సిన్న పడవలో నానొక్కణ్ణే వొచ్చినాను. ఆ పడవ ముసలమ్మకి తగిల్తే పడవా ఉండదు, నానూ ఉండను. అది సూసీసరికి మీ తమ్ముడికి ఒనుకొచ్చీసినాది. ఇంజను జోరు పెంచీసి నాకడ్డం పడిపోనాడు. ‘అటు కాదు సిన్నాన్నా, అటు కాదు’ అని ఒకటే అరుపు. తగువుకొచ్చినాడనుకున్నాను నాను. నన్ను మల్లించీ తిప్పుట్లో ఆడి పడవే అడ్డంగా రాతి మీదకెల్లిపోనాది.”

ఆయన ఎడమ అరచెయ్యి చాపి చూపించాడు.

“ఆణ్ణి లాగుతుంటే రాతి మీది సిప్పలు కోసీసిన కోతలివి. నా ఒల్లో పానాలు ఒదిలినాడు. ‘అమ్మకి సెప్పకు సిన్నాన్నా’ అన్నాడు. ఆణ్ణి ఒడ్డుకి సేర్సీసి, నానక్కడున్నట్టు ఎవులికీ తెలీనీనేదు. గుర్తు మార్సినోడి ఇల్లు ఏడు తరాలు ఎలి కదమ్మా. కునికి సచ్చిపోనాడంటే ఒక్కడికే సిగ్గు. ఇది తెలిస్తే మీయమ్మకి రేవులో మంచినీల్లు కూడా పుట్టవు. అందుకని సందేల ఎల్లి, సేతికి గుడ్డ సుట్టుకొని, సున్నం కుండ అట్టుకెల్లి, గుర్తు మల్లా ఎప్పట్లాగ సేసీసి వొచ్చినాను. మసక సీకటిలో ఈ సెయ్యి మాత్రం కనబడనేదు.”

చేతికి గుడ్డ.

సూర్యకళ మెదడు అక్కడ ఆగిపోయింది. ముసలమ్మ రాయి కోసిన చెయ్యి. అంటే రాము పోయిన పొద్దున్న కోసిన చెయ్యి. ఆ గుడ్డ ఆ రోజు సాయంత్రం తప్ప ముందురోజు ఉండడానికి వీల్లేదు. మరి సింహాద్రి “ముందురోజు సందేళ” అన్నాడేం? చూసింది నిజమే. చూసిన రోజే అబద్ధం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని గుడ్డ సంగతి కూడా చెప్పి ఎంత నమ్మకంగా నమ్మించాడు!

“సిన్నాన్నా,” అంది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ పిలుపు ఆమె నోట వచ్చింది. “మా రాముకి ఇంత బుర్ర నేదు. పిల్లసేప వొలలో పడితే ఒగ్గీసీ మనిసి. ఈ ఆలోసన ఎవులిది?”

అర్జునరావు తల దించుకున్నాడు. “నా నోటితో సెప్పించకమ్మా.”

“సెప్పు.”

“‘బావ సెప్పినాడు’ అన్నాడు. ‘పడవే కదరా పోతాది, మనుసులకేటీ అవదు అని బావ సెప్పినాడు’ అని రెండు మాట్లు అన్నాడు. తాగీసి సుక్కాని అట్టుకున్నాడని ఆ ముందు నెలే నీ పెనిమిటిని నా పడవ మీంచి దింపీసినాను. ఆ కసి నా మీద తీర్సుకోడానికి పిల్లణ్ణి ఎగదోసినాడు. నాలుగు దినాల కిందట పిల్సి సెప్పినాను. మీ అత్త ఇంక ఆ సిగ్గు మొయ్యనేదు, పున్నం ఎల్లీలోగా నువ్వే కాల్లట్టుకొని నిజం సెప్పు, నేదంటే నానే సెప్తాను, అన్నాను.”

నాలుగు రోజుల కిందట. ఆ రాత్రే కదా సింహాద్రి కడుపులో మాట కక్కింది. ఆ రాత్రే కదా తను ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. రాము మీద కోపం వచ్చింది, వెర్రివాడా, ఎంత పని చేశావురా అని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు, చివరి నిమిషంలో వాడు పడవ తిప్పిన వైపు గుర్తొచ్చి. మిగిలింది మాత్రం కొండెక్కేటప్పటి పగే. అది రవ్వంత తగ్గలేదు. ఆ పగ తల మాత్రం వేరే మనిషి వైపు తిప్పుకుంది.

అప్పుడే కింద నుంచి, ఎద్దుమెడ వైపు నుంచి కేక వినిపించింది.

“కళా! ఓలే కళా!”

అర్జునరావు ఎద్దుమెడ వైపు తిరిగాడు. “ఎవులది?”

రేవులో నలుగురికీ కనబడతానన్న మనిషి. పని అయిందో లేదో చూసుకోవడానికి వస్తున్నాడు. లేకపోతే, పని చేసిన మనిషిని కూడా చూసుకోవడానికి. కొండ మీద ఇద్దరు పోతే ఒకరినొకరు తోసుకున్నారనుకుంటారు. ఆ ఆలోచన రాగానే సూర్యకళకి చలేసింది. ఆ వెంటనే చల్లబడిపోయింది, లోపలంతా.

“నువ్వు ఆ గుండెనక్కెల్లు సిన్నాన్నా. నోరిప్పకు. నీకది అలవాటే కదా.”

“వొద్దమ్మా. తప్పు మీద తప్పు...”

“ఎల్లు.”

ఆయన వెళ్ళాడు. వెళ్ళకపోతే ఏమయ్యేదో ఆ కళ్ళు చూసినవాళ్ళకి తెలుస్తుంది. సూర్యకళ కత్తి తిరిగి నడుముకి దోపింది. సున్నం కుండలో కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచింది. గడ్డి కోసిన గీతల్లో సున్నం భగ్గున మండింది. ఆ చెయ్యి తీసి తమ్ముడి వంకర బొటనవేలి పక్కనే రాతికి గట్టిగా అదిమింది. ఆడదాని అరచెయ్యి ఆ కొండ మీద పడటం అదే మొదటిసారి. తరవాత లేచి వెళ్ళి లోయ అంచున నిలబడింది.

సింహాద్రి రొప్పుకుంటూ పైకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. నేల మీద ఉన్న కుండని చూశాడు. ఆమె ఒక్కతే ఉండటం చూశాడు.

“అయిపోనాదేటి?”

“అయిపోనాది.”

“కేక ఇనబడనేదే?”

“నోరిప్పకూడదు కదా. ఇప్పనేదు.”

సింహాద్రి నవ్వాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ నవ్వు ఆమె చాలాసార్లు చూసింది. ముద్దుగా ఉంటుందని కూడా అనుకుంది. ఆ అనుకున్న రోజులన్నిటి మీదా ఇప్పుడు ఆమెకి అసహ్యం వేసింది.

“ఏడీ?”

“కిందున్నాడు. ఇలగొచ్చి సూడు మావా. రాల్ల నడుమ పడ్డాడు.”

అతను వచ్చి అంచున నిలబడి తొంగి చూశాడు. రేవు బయట పడవలు ఇంకా ఆగే ఉన్నాయి. సూర్యుడు సముద్రం మీద తాటిచెట్టంత లేచాడు. కొండ మీద తెలుపు ఇంకా పడలేదు.

“కనబడడేటే?”

“ఇంకాస్త ఒంగు. మావా, ఒక్క మాట. ఆవేల ఆడి ఎడం సేతికి గుడ్డెందుకున్నాది?”

“ముసలమ్మ రాతి సిప్పలు కోసీనేదేటి,” అన్నాడు సింహాద్రి, చూపు కింద రాళ్ళ మీదే పెట్టి. తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. “ఏ పక్కన్నాడే? నాకు కనబడ్డనేదు.”

అతను ఇంకొంచెం ముందుకి వంగాడు. సున్నం తడి ఆరని ఆమె అరచెయ్యి అతని వీపుకి జానెడు దూరంలో ఉంది.